దూరం కొలుద్దాం – 4వ భాగం: చేలో దిగకుండా రెండు రాళ్ల మధ్య దూరం

కిందటి భాగంలో తాడుతో మూలమట్టం చూడడం నేర్చుకున్నాం. మూల నుంచి ఒకవైపు 3 మీటర్లు, రెండో వైపు 4 మీటర్లు గుర్తు పెడితే, ఆ గుర్తుల మధ్య సరిగ్గా 5 రావాలి. ఇప్పుడు అదే త్రిభుజంతో పని చేయిద్దాం.

కోనసీమలో సార్వా నాట్లు పడ్డాక చేలో అడ్డంగా టేపు లాగుతామంటే ఏ రైతూ ఒప్పుకోడు. గట్ల మీద నడిస్తే ఎవరూ ఏమీ అనరు. పొడుగ్గా పోయే పెద్ద గట్టును ఆధారరేఖగా తీసుకోండి. దాని మొదలు నుంచి 20 మీటర్లు నడిచి, ఎడమ అడ్డగట్టు మీద 15 మీటర్లు పోతే మొదటి సరిహద్దు రాయి. 80 మీటర్ల దగ్గర కుడికి తిరిగి 30 మీటర్లు పోతే రెండోది. అడ్డగట్లకు మూలమట్టం ముందే చూసుకోవాలి. అది తప్పితే లెక్కంతా తప్పుతుంది. రాళ్ల మధ్య తిన్నగా ఎంత దూరం?

ముందు బొమ్మ వేయండి. మొదటి రాయి నుంచి పెద్ద గట్టుకు సమాంతరంగా ఒక గీత, రెండో రాయి నుంచి గట్టు దాటేలా లంబంగా ఇంకో గీత. రెండూ కలిసిన చోట లంబకోణం వస్తుంది. మనకు కావలసిన దూరం దాని ఎదురుగా ఉన్న కర్ణం.

గట్టు వెంబడి భుజం 80 – 20 = 60. రెండో భుజం దగ్గరే చాలామంది తడబడి 30 – 15 = 15 అని రాసేస్తారు. రాళ్లు గట్టుకు చెరోవైపు ఉన్నాయి కదా! ఎడమను ధనం, కుడిని రుణం అనుకుంటే 15 – (–30) = 45.

60 వర్గం 3600, 45 వర్గం 2025. మొత్తం 5625, వర్గమూలం 75 మీటర్లు. పొరపాటున 15 వేసుంటే దాదాపు 61.8 వచ్చేది, 13 మీటర్లు తక్కువ. ఏ రాయి కొలతలోంచి ఏది తీసేసినా ఫర్వాలేదు, వర్గం చేస్తే రుణ గుర్తు పోతుంది.

పదో తరగతిలో దూర సూత్రమని బట్టీ పట్టేది ఇదే. బొమ్మ వేయడం వస్తే బట్టీ అక్కర్లేదు. సర్వేయర్లు పొలం కొలతలు రాసుకునే ఎఫ్‌ఎంబీ పుస్తకంలో జి-లైను అనే ఆధారరేఖ, దానికి లంబంగా ఆఫ్‌సెట్లు అనే పక్క దూరాలు ఉండేదీ ఇందుకే. డెల్టా నేల బల్లపరుపు కాబట్టి మనకు ఇంత సులువు. మారేడుమిల్లి కొండవాలులో టేపును నేల మీద పరిస్తే కుదరదు, మట్టంగా పట్టి లాగాలి.

అభ్యాసం: కొబ్బరి తోటలో బోదె వెంబడి 7 మీటర్ల దగ్గర, కుడివైపు 7 మీటర్లలో ఒక చెట్టు. 31 మీటర్ల దగ్గర, ఎడమవైపు 3 మీటర్లలో ఇంకొకటి. రెండింటి మధ్య దూరం కట్టండి. పూర్ణసంఖ్య రాకపోతే ముందు గుర్తులు చూసుకోండి.