తిరుపతి నుంచి టొమాటినాకి వెళ్లాలంటే

స్పెయిన్‌లో వాలెన్సియాకి పడమరగా 40 కిలోమీటర్ల దూరంలో బున్యోల్ అనే చిన్న ఊరుంది. ఏటా ఆగస్టు ఆఖరి బుధవారం అక్కడి వీధుల్లో టమాటాలతో కొట్టుకుంటారు. ఆ పండుగే టొమాటినా. ఆట గంటసేపే. మధ్యాహ్నం 12కి మొదలు, 1కి బంద్. మనవాళ్లు ఇబ్బంది పడేది ఎక్కువగా వీసా, చెప్పులు, కళ్ల దగ్గరే.

ముందు వీసా సంగతి. కావాల్సింది షెంజెన్ వీసా, అంటే స్పెయిన్‌తో పాటు చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే వీసా. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, ఒక్కోసారి 45 రోజులు పడుతుంది. వేసవిలో అపాయింట్‌మెంట్లు దొరకడమే కష్టం కాబట్టి గంగమ్మ జాతర అయ్యేలోపే కాగితాలు సిద్ధం చేసుకోండి. పాస్‌పోర్టు 10 ఏళ్లలోపు ఇచ్చినదై ఉండాలి, తిరిగొచ్చాక కూడా 3 నెలలు చెల్లాలి, రెండు ఖాళీ పేజీలుండాలి. ప్రయాణ బీమా 30,000 యూరోలకు తగ్గకూడదు. వేలిముద్రలకి మనిషే వెళ్లాలి, ఏజెంటు వెళ్తే కుదరదు.

టికెట్ కూడా అప్పుడే కొనండి. 2013 నుంచి ప్రవేశానికి డబ్బు కట్టాలి, సుమారు 20,000 మందినే రానిస్తారు. బస మాత్రం వాలెన్సియాలో పెట్టుకోండి, బున్యోల్‌లో గదులు తక్కువ.

చెప్పులతో వెళ్లకండి. పది నిమిషాల్లో వీధి పాదాలు మునిగేంత గుజ్జవుతుంది. అందులో ఊడిన చెప్పు మళ్లీ దొరకదు, వంగి వెతికితే జనం మీద పడతారు. పాత బూట్లు లేసులు బిగించి, రెండు ముళ్లు వేసుకోండి. కళ్లకి ఈతకొట్టే అద్దాలు తప్పనిసరి. టమాటా పులుపు కంట్లో పడితే మంట, గుజ్జు చేతులతో రుద్దితే ఇంకా మంట. కాంటాక్ట్ లెన్సులు గదిలోనే వదిలేయండి. పాస్‌పోర్టు కూడా అంతే, జేబులో జిరాక్సు చాలు.

ఉదయం 7కల్లా వాలెన్సియా నుంచి బయల్దేరండి. ఆట మొదలయ్యే ముందు సబ్బు, కొవ్వు పూసిన స్తంభం మీద కట్టిన పంది తొడ కోసం కుర్రాళ్లు ఎగబాకుతుంటారు. మన ఉట్ల పండుగ చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. 12కి ఔటు పేలుతుంది. టమాటా లారీలు ఇరుకు వీధిలోకి వస్తాయి. అసలు ప్రమాదం ఇక్కడే: లారీ దారి చేసుకుంటుంటే జనం గోడలకి అదుముకుపోతారు. ఇరుకు భరించలేనివాళ్లు నడిమి చౌకుకి దూరంగా, పక్క సందు నోటి దగ్గర నిలబడాలి.

విసిరే ముందు ప్రతి కాయనూ చేత్తో నలపాలి. ఇది మర్యాద కాదు, నిబంధన. గట్టి కాయ తగిలితే రాయి తగిలినట్టే. సీసాలు తేకూడదు, ఎవరి చొక్కా చింపకూడదు. రెండో ఔటు వినగానే చేతిలో ఉన్నదాన్ని కింద పడెయ్యాలి.

వంద టన్నులకు పైగా టమాటా ఇలా పోతుంది. ధర పడిపోయి మదనపల్లె రోడ్ల పక్కన పారబోసిన రాశులు చూసిన కళ్లకి ఇది మింగుడుపడదు. అక్కడ వాడేవి తినడానికి అంత పనికిరాని రకమని చెబుతారు.

శాకాహారులకో మాట. "సిన్ కార్నె" అంటే మాంసం వద్దని అర్థమే, కానీ అలా అడిగినా ట్యూనా చేపో, హామ్ (పంది తొడ మాంసం) ముక్కలో రావచ్చు. "సిన్ హామోన్, సిన్ పెస్కాదో" (హామ్ వద్దు, చేప వద్దు) అని కూడా చెప్పండి. టొర్తియా అంటే అక్కడ గుడ్డు, బంగాళాదుంపల అట్టు. నిశ్చింతగా తినగలిగింది రొట్టె మీద టమాటా రుద్ది, నూనె, ఉప్పు చల్లే "పాన్ కొన్ తొమాతె".

ఒంటి గంట తర్వాత స్థానికులు ఇళ్ల ముందు పైపులు పట్టుకుని కడుగుతారు, కొందరు ఏటికి పోతారు. చెవుల వెనుక, జుట్టు మొదట్లో ముందు కడుక్కోండి, గింజలు ఎండితే అంత తేలిగ్గా రావు. తడి బట్టలతో బస్సెక్కనివ్వరు కాబట్టి పొడి బట్టలు, తువ్వాలు, రెండు ప్లాస్టిక్ సంచులు ముందే సామాను గదిలో పెట్టుకుని ఉండాలి. ఒక సంచి బూట్లకే. వాటిని ఇంటికి తెచ్చుకునే ఆశ పెట్టుకోవద్దు, ఆ పులిసిన వాసన పోదు.