‘పంపేవాడిని’ అనడానికి స్పానిష్‌లో ఒక్క మాట చాలదు

మెక్సికో ఆఫీసు లెక్కలు చూసే ఉద్యోగం నాది. తార్నాకలో ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీకి నడిచి వెళ్ళేంత దూరంలోనే మా ఇల్లు. అయినా స్పానిష్ అక్కడ నేర్చుకోలేదు. నలభై దాటాక, అవసరం కొద్దీ, రాయదుర్గం వెళ్ళే మెట్రోలో కూర్చుని నేర్చుకున్నాను. ఒక రాత్రి ఫోనులో అక్కడి ఆవిడ నివేదిక ఎందుకు రాలేదని అడిగింది. అంకెలు అంది ఉంటే పంపేవాడిని అని నా మనసులో మాట. కంగారులో ‘మందాబ’ అని ఊరుకున్నాను. ‘అలాగా, మరి పంపడం ఎప్పుడు మానేశారు?’ అని ఆవిడ అమాయకంగా అడిగింది.

ఈ తప్పు తెలుగులోంచే వస్తుంది. ‘చిన్నప్పుడు రోజూ ఆడేవాడిని’ అంటాం, ‘వాన పడకపోతే ఆడేవాడిని’ అనీ అంటాం. మొదటిది అలవాటు, రెండోది అసలు జరగనే లేదు. మనకు రెండింటికీ ఒకటే క్రియ. స్పానిష్‌లో అలవాటుకు ‘హుగాబ’ (నేనన్న ‘మందాబ’ ఈ కోవదే), జరగకుండా పోయినదానికి ‘అబ్రీయ హుగాదో’. ఇప్పుడో రేపో వీలుంటే ఆడతానన్న ఊహకైతే ‘హుగరీయ’. ఈ ‘రీయ’ రూపాన్నే ఇంగ్లిష్‌లో కండిషనల్ అంటారు. నోరు తెరిచే ముందు వాక్యంలో ‘రోజూ’ అన్న మాట పెట్టి చూసుకోండి. ఇమిడితే అది అలవాటు, ‘రీయ’ జోలికి పోవద్దు.

ఈ ‘రీయ’ రూపం కట్టడం మాత్రం సులువు. నిఘంటువులో ఉన్న క్రియను తోక కత్తిరించకుండా తీసుకుని ‘ఈయ’ చేర్చాలి. మాట్లాడడం అబ్లార్: అబ్లరీయ, అబ్లరీయస్, అబ్లరీయ, అబ్లరీయమోస్, అబ్లరీయయిస్, అబ్లరీయన్. తినడం కొమేర్ అయినా, బతకడం బిబీర్ అయినా ఇవే తోకలు. ‘ఈ’ మీదే ఊనిక, రాతలో ఆరింటికీ ఆ అక్షరం మీద గీత తప్పదు. నేను, అతను, ఆమె అందరికీ ఒకే రూపం కాబట్టి అనుమానం వచ్చేచోట ముందు ‘యో’ (నేను) లాంటి సర్వనామం పెట్టండి. ‘కొమీయ’ అంటే తినేవాడిని, ‘కొమెరీయ’ అంటే తింటానేమో. మధ్యలో ఒక్క ‘ర’ మింగేస్తే అర్థం మారిపోతుంది.

మొండికేసే క్రియలు పన్నెండు, వాటి నుంచి పుట్టినవి కొన్ని. వీటికి తోకలు మారవు, మొదలు మాత్రం కుదించుకుపోతుంది. తెంద్రీయ, పొంద్రీయ, బెంద్రీయ, సల్ద్రీయ, బల్ద్రీయలలో ‘ద’ దూరుతుంది. పొద్రీయ, సబ్రీయ, అబ్రీయ, కబ్రీయలలో ఒక అచ్చు రాలిపోతుంది. అసేర్ (చేయడం) నుంచి అరీయ, దెసీర్ (చెప్పడం) నుంచి దిరీయ. భవిష్యత్తు రూపాలు వచ్చినవారికి ఇవి వచ్చినట్టే, మొదళ్ళు అవే. పన్నెండోది ‘కెర్రీయ’, నన్ను ఎక్కువ ఏడిపించింది. ‘ర’ గట్టిగా పలకకపోతే ‘కెరీయ’ అయి, కోరుకున్నాను అన్న మామూలు భూతకాలంలోకి జారిపోతుంది. మన పాత బండి ఱ ఇక్కడ పనికొస్తుంది. అన్నిచోట్లా తలనొప్పి పెట్టే సేర్ (అవడం), ఈర్ (వెళ్ళడం) ఇక్కడ బుద్ధిగా సెరీయ, ఇరీయ అవుతాయి.

ఇక మన చేదర్థకం, అంటే ‘ఉంటే’, ‘వస్తే’ లాంటి షరతు మాటల సంగతి. ‘డబ్బు ఉంటే కొంటాను’, ‘డబ్బు ఉంటే కొనేవాడిని’ రెండింటిలోనూ ‘ఉంటే’ కదలదు, చివరి క్రియే మారుతుంది. స్పానిష్‌లో రెండు వైపులా మారాలి. నిజంగా కొనే వీలుంటే ‘సి తెంగో దినేరో, కొంప్రరే’. ఉత్త ఊహ అయితే ‘సి తుబియేర దినేరో, కొంప్రరీయ’. షరతు చెప్పే ఆ ‘సి’ పక్కన ‘తెంద్రీయ’ పెట్టకండి. ఉత్తర స్పెయిన్‌లో కొందరు అలా మాట్లాడతారు గానీ పరీక్షలో మార్కులు పోతాయి.

మర్యాదకు ఈ ‘రీయ’ రూపం మన ‘గారు’ లాంటిది. ‘పొద్రీయ రెపెతీర్, పొర్ ఫబోర్?’ అంటే మళ్ళీ చెప్పగలరా అని. ఫోనులో మాట అందనప్పుడు నేను రోజూ వాడేది ఇదే. ‘ప్వేదె’ అన్నా తప్పు కాదు, ‘పొద్రీయ’ ఇంకాస్త వినయం. సలహాకు ‘యో కె తూ, నో ఇరీయ’: నేనే నువ్వైతే వెళ్ళను. గడిచిన వేళను ఉజ్జాయింపుగా చెప్పడానికి ‘సెరీయన్ లాస్ దియెస్’: అప్పటికి పదయి ఉంటుంది.

ఒకరన్న మాట తిరిగి చెప్పేటప్పుడు ఇంకో మెలిక. మనం ‘వస్తానన్నాడు’ అంటూ అతని ‘వస్తాను’ను అలాగే ఉంచేస్తాం. స్పానిష్‌లో ‘అన్నాడు’ భూతకాలం కాగానే ‘వస్తాను’ ‘బెంద్రీయ’ అవుతుంది. మా ప్లంబరు మీద రోజూ సాధన చేస్తున్నాను: ‘దీహో కె బెంద్రీయ మన్యాన’, రేపు వస్తానన్నాడు. వచ్చాడో లేదో ఈ వాక్యం చెప్పదు. మా వంటింటి కుళాయి చెబుతుంది.