క్లే షూటింగ్‌కు జేబుకు భారం కాని 12 బోర్ కార్ట్రిడ్జ్‌లు ఎలా ఎంచుకోవాలి?

తుపాకీ ఒకసారి కొంటే ఏళ్ల తరబడి ఉంటుంది. కార్ట్రిడ్జ్, అంటే మందు, గుళ్లు నింపిన తూటా, అలా కాదు, బారెల్ దాటిందంటే ఆ డబ్బు అయిపోయినట్టే. గాలిలోకి విసిరే బిళ్లలను, అంటే క్లేలను, కాల్చే ఆటల్లో స్కీట్, ట్రాప్ రెండు రకాలు. స్కీట్‌లో ఒక రౌండుకు 25 క్లేలు, 25 కార్ట్రిడ్జ్‌లు. ట్రాప్‌లో ఒక్కో క్లేకు రెండు సార్లు కాల్చనిస్తారు కాబట్టి అదే 25 క్లేలకు 50 దాకా అవ్వచ్చు. విజయవాడ నుంచో గుంటూరు నుంచో బయలుదేరి, దాదాపు 275 కిలోమీటర్ల దూరంలో ఉన్న హైదరాబాద్ గచ్చిబౌలి రేంజికి చేరాక, తెచ్చుకున్నవి మన తుపాకీకి పనికిరానివని తెలిస్తే ఆ రోజంతా వృథా. అందుకే పనంతా కొనకముందే జరగాలి.

క్లేనే క్లే పిజియన్ అని కూడా అంటారు, కానీ అది నిజం పావురం కాదు. అది 110 మి.మీ. వ్యాసం, సుమారు 105 గ్రాముల బరువు ఉన్న బిళ్ల. అడవి పక్షుల వేట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. పైగా పొలాల్లో, చెరువుల్లో రాలిన సీసపు గుళ్లను నీటి పక్షులు ఇసుక రేణువులనుకుని మింగి విషంతో చస్తాయి. గుంటూరు దగ్గరి ఉప్పలపాడు చెరువు మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వాలడం చూసినవాళ్లకు ఈ మాట వేరే చెప్పనక్కర్లేదు. కాల్చడం రేంజిలోనే.

ముందు బారెల్ మీద రాతలు చదవండి

ధర అడగడానికి ముందు మీ తుపాకీ ఛాంబర్ (బారెల్‌లో కార్ట్రిడ్జ్ కూర్చునే చోటు) పొడవు తెలియాలి. తుపాకీని ఖాళీ చేసి, విడదీసి, బారెల్ అడుగున సమతలంగా ఉండే భాగం చూడండి. 65, 70, 76 మి.మీ. అనో, పాత ఇంగ్లిష్ తుపాకీ అయితే రెండున్నర, రెండుముప్పావు అంగుళాలనో ఉంటుంది. తాతల నాటి డబుల్ బారెల్ తుపాకులు చాలావాటిలో ఛాంబర్ 65 మి.మీ.

ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు. 70 మి.మీ. కార్ట్రిడ్జ్ 65 మి.మీ. ఛాంబర్‌లోకి నున్నగా దిగిపోతుంది, తుపాకీ మూసుకుంటుంది కూడా. కారణం, పెట్టె మీద రాసిన పొడవు కాల్చాక తెరుచుకున్న గొట్టానిది. కాల్చకముందు మూతి మడత వేసి ఉంటుంది కాబట్టి అది దాదాపు సెంటీమీటరు పొట్టిగా కనిపిస్తుంది. కాల్చగానే ఆ మడత విచ్చుకోవడానికి చోటు లేక బారెల్ ఇరుకులోకి జొరబడుతుంది, పీడనం అమాంతం పెరుగుతుంది. కాబట్టి పట్టింది కదా అని కాల్చకూడదు. 65 ఛాంబర్‌కు 65 మి.మీ. లేదా అంతకంటే పొట్టివే. రాతలు అరిగిపోయినా, బారెల్ మీద మెలికలు తిరిగిన డమాస్కస్ గీతలున్నా (ఇనుప పట్టీలు మెలిపెట్టి చేసిన పాత రకం బారెల్ గుర్తు) గన్‌స్మిత్‌కు చూపించేదాకా దాన్ని పక్కన పెట్టండి.

లైసెన్సు పుస్తకం

కార్ట్రిడ్జ్‌లను లైసెన్సున్న డీలరు దగ్గరే, మీ లైసెన్సులో రాసిన బోర్‌కే (బారెల్ లావు సైజు), అందులో రాసిన సంఖ్యకు లోబడే కొనాలి. ఒకేసారి ఎన్ని ఉంచుకోవచ్చు, ఏడాదికి ఎన్ని కొనవచ్చు అన్నవి రెండు వేర్వేరు పరిమితులు. పది పెట్టెల కట్ట, అంటే 250 కార్ట్రిడ్జ్‌లు, చవకగా వస్తున్నాయని అడ్వాన్సు ఇచ్చేముందు ఈ రెండు అంకెలూ చూసుకోండి. సందేహముంటే లైసెన్సు ఇచ్చిన కార్యాలయంలోనే అడగాలి. గచ్చిబౌలి అంటే పక్క రాష్ట్రం. లైసెన్సు చెల్లుబాటు ప్రాంతంలో తెలంగాణ కూడా ఉందో లేదో చూసుకున్నాకే బయలుదేరండి. తెలిసినవాళ్ల దగ్గర మిగిలినవి నాలుగు పెట్టెలు అధికారులకు ముందే తెలపకుండా తెచ్చుకోవడం ఎంత చవకైనా చట్టవిరుద్ధమే.

బరువు 24 గ్రాములు చాలు

డబ్బు నిజంగా మిగిలేది ఈ అడుగులోనే. గుళ్ల బరువు పెరిగితే సీసం పెరుగుతుంది, దాంతోపాటు ధర, భుజానికి తగిలే తాపు. ఒలింపిక్ ట్రాప్, స్కీట్ పోటీల నిబంధనలే గుళ్ల బరువును 24 గ్రాముల దగ్గర ఆపేశాయి, తూకంలో తేడాకు అర గ్రాము మాత్రమే వెసులుబాటు. ప్రపంచస్థాయి షూటర్లు దానితోనే వరసగా క్లేలు పగలగొడుతుంటే, నేర్చుకునేవారికి 32, 36 గ్రాముల వేట కార్ట్రిడ్జ్‌లు ఎందుకు? అవి రెండు రౌండ్లకే భుజాన్ని నొప్పెట్టిస్తాయి. మూడో రౌండులో ట్రిగ్గర్ నొక్కేముందే కళ్లు మూసుకుపోతాయి. ఆ అలవాటు ఒకసారి పట్టిందంటే వదిలించుకోవడం చాలా కష్టం.

ఒక్క మినహాయింపు ఉంది. కొన్ని సెమీ ఆటోమేటిక్ తుపాకులు 24 గ్రాముల తేలిక లోడుతో ఖాళీ డొప్పను సరిగా బయటికి విసరలేవు. వాటికి 28 గ్రాములు తీసుకోండి.

గుళ్ల సైజును నంబరు చూసి కాక మి.మీ. చూసి ఎంచుకోండి, ఎందుకంటే ఒక్కో దేశం నంబర్లు ఒక్కోలా ఉంటాయి. ఇంగ్లిష్ 7 నంబరూ, ఇటాలియన్ 7½ నంబరూ రెండూ 2.4 మి.మీ. గుళ్లే. ట్రాప్‌కు 2.4 మి.మీ. కావాలి: క్లే దూరమవుతూ పోతుంది కాబట్టి గుండులో ఊపు మిగలాలి. 24 గ్రాముల్లో ఇవి సుమారు 300 ఉంటాయి. స్కీట్‌లో క్లే దగ్గరగా, అడ్డంగా పోతుంది. అక్కడ ఊపు కంటే గుళ్లు పరుచుకోవడం ముఖ్యం, అందుకే 2 మి.మీ. అంటే 9 నంబరు. అదే 24 గ్రాముల్లో దాదాపు 500 గుళ్లు. ఒకే రకం కొనగలిగితే 8 నంబరుతో రెండూ నడుస్తాయి కానీ దేనికీ పూర్తిగా కుదరదు. ఎల్‌జీ, ఎస్‌జీ, బీబీ లాంటి పెద్ద గుళ్లు క్లేకు ఎందుకూ పనికిరావు, రేంజిలో వాటిని అనుమతించరు కూడా.

పెట్టె తెరిచి చూడండి

గుంటూరు యార్డులో మిర్చి కొనేవాళ్లు బస్తా పైకాయ చూసి ధర కట్టరు, లోపలికి చెయ్యి పెట్టి పిడికెడు తీస్తారు. ఇక్కడా అంతే. పుణె దగ్గరి ఖడ్కీ ఫ్యాక్టరీ శక్తిమాన్ కావచ్చు, విదేశీ ఫియోకీ, ఎలీ కావచ్చు, పెట్టె మీద పేరు తర్వాత సంగతి. డీలరు అనుమతితో నాలుగైదు బయటికి తీసి చూడండి.

అడుగున ఉండే లోహపు టోపీ ఎత్తుగా ఉంటే బలమైన కార్ట్రిడ్జ్ అనుకుంటారు. ప్లాస్టిక్ గొట్టాల్లో ఆ ఎత్తుకీ బలానికీ సంబంధం లేదు, క్లేకు 8 మి.మీ. టోపీ చాలు. ఆ ఎత్తుకు అదనంగా చెల్లించకండి. చవక రకాల్లో టోపీ ఇత్తడి కాదు, ఇత్తడి పూత పూసిన ఇనుము. అది తప్పేం కాదు, తుప్పు చుక్కలు లేకపోతే చాలు. అయితే కొన్ని తుపాకుల్లో ఆ ఇనుప టోపీ వ్యాకోచించి ఛాంబర్‌లో బిగుసుకుంటుంది. అది కాలిస్తేనే తెలుస్తుంది.

మూతి మడత నక్షత్రంలా ఆరు లేక ఎనిమిది మడతలతో బిగుతుగా, నడిమధ్య రంధ్రం లేకుండా ఉండాలి. చెవి దగ్గర ఆడిస్తే గుళ్లు గలగలమంటే మడత వదులైనట్టు. కాగితపు గొట్టాలైతే కృష్ణ ఒడ్డు తేమకు ఉబ్బి ఛాంబర్‌లోకి దిగవు. కొత్తగా కొనేవారు ప్లాస్టిక్ గొట్టమే తీసుకోవాలి. పెట్టె మీద స్టీల్ షాట్ అని ఉంటే పాత బారెల్‌లో, బిగుతు చోక్‌లో (బారెల్ మూతి దగ్గరి ఇరుకు) వాడకండి. సీసంలా నలగదు కాబట్టి చోక్‌ను ఉబ్బిస్తుంది.

రెండు మూడు రకాలు తీసుకుని కాగితం మీద కాల్చండి

ఒక్కో రకం ఒక్కో పెట్టె చాలు. రేంజి అధికారి అనుమతితో ఇలా చేయండి. 1.2 మీటర్ల చదరపు బ్రౌన్ పేపర్ కట్టి, ట్రాప్ కార్ట్రిడ్జ్ అయితే 36.5 మీటర్ల నుంచి, స్కీట్‌వి అయితే 20 మీటర్ల నుంచి ఒకే ఒక్కటి కాల్చండి. కాగితం మార్చి మళ్లీ. ఒక్కో రకానికి కనీసం అయిదు కాగితాలు. ఒక్క కాగితాన్ని చూసి తీర్పు చెప్పకండి, ఒకే పెట్టెలోని రెండు కార్ట్రిడ్జ్‌లు కూడా అచ్చం ఒకలా పడవు.

ఆ తర్వాత గుళ్లు దట్టంగా పడ్డ చోటును కేంద్రంగా తీసుకుని, 38 సెం.మీ. దారంతో వలయం గీసి లోపలి రంధ్రాలు లెక్కించండి. 36.5 మీటర్ల దగ్గర ఫుల్ చోక్‌కు సుమారు 70 శాతం, హాఫ్ చోక్‌కు 60 శాతం వలయంలో పడాలి. 300 గుళ్లకు అవి 210, 180. చవక రకంలో సీసం మెత్తగా ఉంటే గుళ్లు బారెల్‌లో నొక్కుకుపోయి వంకరగా ఎగురుతాయి, అంకె 150కి పడిపోతుంది. ఇంకో చిట్కా: అట్టను 11 సెం.మీ. గుండ్రంగా కత్తిరించి కాగితం మీద జరుపుతూ పోండి. రెండు రంధ్రాలకు మించి కనబడని చోట్లు ఎన్ని ఉంటే, క్లే తప్పించుకునే సందులు అన్ని.

ధరను కూడా ఇక్కడే తేల్చండి. ఉదాహరణకు 60 రూపాయల రకం వలయంలో 150 గుళ్లు, 70 రూపాయల రకం 200 గుళ్లు వేస్తే, రూపాయికి మొదటిది రెండున్నర, రెండోది దాదాపు మూడు. పది రూపాయలు ఎక్కువైనా రెండోదే చవక. రౌండు స్కోరుతో మాత్రం పోల్చకండి. 25 క్లేలలో నాలుగు అటూ ఇటూ అవడానికి మీ చెయ్యే చాలు. నచ్చిన రకం దొరికాక, లైసెన్సు అనుమతించినన్ని ఒకే లాట్ నంబరులో కొనండి.

నిల్వ

రెంటచింతల ఎండలో నిలబెట్టిన కారు డిక్కీలో కార్ట్రిడ్జ్‌లు మగ్గిపోతాయి. మందు వేడెక్కితే పీడనం పెరుగుతుంది, ఏళ్ల తరబడి వేడిలో ఉంటే మందే చెడుతుంది. తాళం వేసిన ఇనుప పెట్టెలో, తుపాకీకి వేరుగా, నేలకు ఎత్తులో, సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. పెట్టె పైన కొన్న తేదీ, లాట్ నంబరు రాస్తే పాతవి ముందు వాడొచ్చు. 20 బోర్ కార్ట్రిడ్జ్‌లు ఇంట్లో ఉంటే వాటిని 12 బోర్‌తో ఒకే సంచిలో ఎన్నడూ కలపవద్దు. 20 బోర్‌ది 12 బోర్ ఛాంబర్ దాటి బారెల్‌లో ఇరుక్కుంటుంది, ఏమీ లేదనుకుని వెనకే 12 పెట్టి కాలిస్తే బారెల్ చీలుతుంది. ఆ పొరపాటు జరగకూడదనే 20 బోర్ గొట్టాలను పసుపు రంగులో చేస్తారు.

పేలకపోతే

ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే తుపాకీ మూతి రేంజి వైపే ఉంచి 30 సెకన్లు ఆగండి, మందు ఆలస్యంగా అంటుకోవచ్చు. తర్వాత తీసి అడుగున మధ్యలో ఉండే ప్రైమర్ (మందును అంటించే బిళ్ల) మీద గుంట చూడండి. లోతుగా ఉంటే లోపం కార్ట్రిడ్జ్‌ది. పైపైన గీసినట్టుంటే తుపాకీ స్ప్రింగ్‌ది, దానికి కార్ట్రిడ్జ్ మార్చి లాభం లేదు. చవక లాట్‌లో ఒక పెట్టెలోనే రెండు మూడు ఇలా వస్తే మిగిలినవి డీలరుకు తిరిగి ఇవ్వండి.

మామూలు మోతకు బదులు ‘బుస్’మని నీరసంగా మోగితే ఇంకా జాగ్రత్త. మందు సగమే కాలి, గుళ్ల వెనకుండే ప్లాస్టిక్ వాడ్ బారెల్‌లోనే ఆగిపోయి ఉండవచ్చు. రెండో షాట్ కాల్చకుండా తుపాకీ తెరిచి, ఖాళీ చేసి, బారెల్‌లోంచి వెలుతురు కనబడుతోందో లేదో చూడండి. కనబడకపోతే క్లీనింగ్ రాడ్డుతో వాడ్‌ను బయటికి తోసేదాకా ఇంకో కార్ట్రిడ్జ్ పెట్టకూడదు.