వీఎఫ్‌ఎక్స్ ఫుటేజ్ కన్వర్ట్ చేసే ముందు

- ఒరిజినల్ ఫైల్ ముట్టుకోవద్దు, కాపీ మీదే పని.

- కీయింగ్ (గ్రీన్ స్క్రీన్ తీసేసి వేరే బ్యాక్‌గ్రౌండ్ పెట్టడం) ఉందా? హెచ్.264 4:2:0 ఫైల్ (రంగు సమాచారం తగ్గించి కుదించిన వీడియో) వద్దు. అందులో నాలుగు పిక్సెళ్లకు కలిపి ఒకే రంగు సమాచారం ఉంటుంది. గ్రీన్ స్క్రీన్ ముందు జుట్టు అంచులు మెట్లుమెట్లుగా తెగుతాయి. దాన్నే ప్రోరెస్ 4444 అనే ఎక్కువ నాణ్యత ఫార్మాట్‌కి మారిస్తే ఫైల్ బరువెక్కుతుంది తప్ప పోయిన రంగు తిరిగి రాదు. మొహమాటపడకుండా కెమెరా ఫైలే అడగండి.

- ఫ్రేమ్ రేట్ (సెకనుకు ఎన్ని ఫ్రేములో) చూసుకోండి. 23.976ని 24గా తీసుకుంటే దాదాపు 42 సెకన్లకే ఒక ఫ్రేమ్ తేడా. ఫోన్ వీడియోల్లో రేటు మధ్యలో మారుతూ ఉంటుంది. ట్రాకింగ్‌కి (షాట్‌లో కదలికను సాఫ్ట్‌వేర్‌తో పట్టుకోవడానికి) ముందే స్థిరం చేయాలి, లేదంటే తర్వాత టెన్షన్.

- ఆల్ఫా (పారదర్శకత సమాచారం) కావాలా? ప్రోరెస్ 422లో ఉండదు.

- లాగ్ ఫుటేజ్‌కి (రంగులు వెలిసినట్టు కనిపించేలా తీసిన వీడియోకి) లట్ (LUT, రంగులు మార్చే ఫైల్) అంటించేయకండి, విడిగా పంపండి.

- రెండర్ ఈఎక్స్ఆర్ సీక్వెన్స్‌గానే (ఒక్కో ఫ్రేమ్ ఒక్కో ఇమేజ్ ఫైల్‌గా). మధ్యలో కరెంట్ పోతే ఆగిన ఫ్రేమ్ నుంచి మొదలుపెట్టొచ్చు.