అవిసె నూనె: ఎంత, ఎలా, ఎవరికి వద్దు

అవిసె నూనెను వంటనూనెల సరసన పెట్టకండి. పాలను ఎలా చూస్తామో దీన్నీ అలాగే చూడాలి, ఎందుకంటే ఇది త్వరగా చెడిపోతుంది. ఈ నూనెలో సగానికి పైగా ఉండేది ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం అనే ఒమేగా-3 కొవ్వు. దాని అణువులో మూడు జంట బంధాలుంటాయి. ఒంటికి పనికొచ్చేవీ అవే, గాలి తగలగానే ఆక్సిజన్‌తో కలిసి పాడయ్యేవీ అవే. వెలుతురు, వేడి తోడైతే ఇక చెప్పనక్కర్లేదు.

కాబట్టి ముదురు రంగు గాజు సీసాలో ఉన్న కోల్డ్ ప్రెస్డ్ (వేడి చేయకుండా గింజల్ని పిండి తీసిన) నూనెనే, తయారీ తేదీ చూసి కొనండి. మూత తీసిన దగ్గర్నుంచి ఫ్రిజ్‌లోనే ఉంచాలి, ఆరు నుంచి ఎనిమిది వారాల్లో అయిపోవాలి. రోజుకు ఒక టీస్పూను చొప్పున 250 మి.లీ. సీసా 50 రోజులు వస్తుంది. ఒక్కరే వాడేటప్పుడు అంతకన్నా పెద్ద సీసా దండగే. రంగుల దుకాణంలో దొరికే లిన్సీడ్ ఆయిల్ కూడా అవిసెదే అయినా, దాన్ని నోట్లో పెట్టకూడదు. త్వరగా ఆరడానికి అందులో లోహ లవణాలు కలుపుతారు.

ఒక టీస్పూను, అంటే 5 మి.లీ. నూనెలో ఈ ఒమేగా-3 రెండు గ్రాములకు పైగా ఉంటుంది. పెద్దవాళ్లకు రోజుకు కావలసింది స్త్రీలకు 1.1 గ్రాములు, పురుషులకు 1.6 గ్రాములు. అంటే ఒక్క టీస్పూను చాలు. వెయ్యి మిల్లీగ్రాముల క్యాప్సూల్‌లో దాదాపు అర గ్రామే ఉంటుంది కాబట్టి ఆ టీస్పూనుకు సాటి రావాలంటే నాలుగైదు మింగాలి. మొదటి వారం అర టీస్పూనుతో మొదలుపెట్టండి. ఒకేసారి పెద్ద మోతాదు తీసుకుంటే విరేచనాలవుతాయి. పైగా 15 మి.లీ.కి 120 కేలరీలు.

భోజనంతో పాటే తీసుకోండి. పెరుగులోనో, సలాడ్‌లోనో, పొయ్యి మీంచి దించి కాస్త చల్లారిన వంటలోనో కలుపుకోవచ్చు. వేయించడానికి మాత్రం వాడకండి. సుమారు 107 డిగ్రీల సెల్సియస్‌కే పొగ వస్తుంది.

రోజూ పోసుకునే ముందు ఒకసారి వాసన చూడండి. తాజా నూనె గింజల కమ్మదనంతో ఉంటుంది. చెడిన నూనె రంగు డబ్బా మూత తీసినట్టు గుప్పుమంటుంది, కొన్నిసార్లు చేపల వాసన కూడా వస్తుంది. అలాంటిది పారబోయాలి. క్యాప్సూల్ వాసనను దాచేస్తుంది కనుక, కొత్త డబ్బా తెరిచినప్పుడు ఒకదాన్ని కత్తిరించి చూడటం మంచిది.

చేప నూనెకు ఇది బదులు కాదు. చేప నూనెలో ఉండేవి ఈపీఏ, డీహెచ్ఏ అనే వేరే ఒమేగా-3లు. శరీరం అవిసె ఒమేగా-3లో కొద్ది శాతాన్నే ఈపీఏగా మార్చుకుంటుంది, డీహెచ్ఏగా మారేది ఇంకా తక్కువ. చేప తినని వాళ్లకు డీహెచ్ఏ కావాలంటే శైవలాల (నీటి నాచు) నూనె ఉంది. మలబద్ధకానికి పనిచేసే పీచు ఈ నూనెలో ఉండదు. దానికి గింజల పొడి వాడి, నీళ్లు బాగా తాగాలి.

వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ వంటి రక్తం గడ్డకట్టకుండా చేసే మందులు వాడుతున్నవాళ్లు డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు. రక్తస్రావం పెరిగే అవకాశముంది. ఆపరేషన్ ఉంటే వాడుతున్న సంగతి ముందే చెప్పండి, మామూలుగా రెండు వారాల ముందే ఆపమంటారు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు సొంతంగా వాడొద్దు. దద్దుర్లు, పెదవుల వాపు, ఊపిరాడకపోవడం కనిపిస్తే వెంటనే ఆపి ఆసుపత్రికి వెళ్లాలి.

సీసా ఒలికితే తుడిచిన గుడ్డను ఉండ చుట్టి చెత్తబుట్టలో వేయకండి. గాలితో కలిసేటప్పుడు ఈ నూనె వేడి పుట్టిస్తుంది, మడతల్లో ఆ వేడి చిక్కుకుంటే గుడ్డ దానంతటదే అంటుకోవచ్చు. నీళ్లలో పూర్తిగా తడిపి, ఆరుబయట విడదీసి ఆరేశాకే పారేయండి.