హాట్‌రాడ్‌కు కొత్త హెడ్‌లైట్లు వేసినా వెలుగు రాకపోతే: సమస్య - పరిష్కారం

1932 ఫోర్డ్ రోడ్‌స్టర్ వంటి పాత కారును హాట్‌రాడ్‌గా, అంటే జోరైన ఇంజనుతో తమకు నచ్చినట్లు తిరగకట్టిన బండిగా, మలచుకునేవారు ఇంజను మీద పెట్టే శ్రద్ధలో పదో వంతు కూడా దీపాల మీద పెట్టరు. ఒక రాత్రి రోడ్డు కనబడక భయపడిన తరువాత పాత 7 అంగుళాల సీల్డ్ బీమ్ (అద్దం, ఫిలమెంటు కలిపి ఒకే ముద్దగా మూసేసిన దీపం) తీసివేసి, బల్బు విడిగా మార్చుకోగల హెచ్4 హాలోజన్ బిగిస్తారు. అప్పటికీ వెలుగు ఆముదం దీపంలా పచ్చగానే ఉంటే తప్పంతా బల్బుదేనని 100 వాట్లది తెస్తారు. అమెరికాలో ఉద్యోగం చేసుకుంటూ శనాదివారాలు ఈ పాత బండ్లతో గడుపుతున్న నేను, షెడ్డుకు వచ్చిన ప్రతివారినీ మొదట ఒకే ప్రశ్న అడుగుతాను: దీపం వెలుగుతూ ఉండగా దాని సాకెట్టు దగ్గర ఎన్ని వోల్టులు ఉన్నాయి? రెండు నిమిషాలు పట్టే ఈ పరీక్ష చేసి వచ్చినవారిని వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

ఇక్కడ చెప్పేదంతా 12 వోల్టులకు మార్చి, బ్యాటరీ నెగటివ్‌ను ఎర్త్ చేసిన (అంటే ఛాసిస్‌కు కలిపిన) బండ్ల గురించి. మల్టీమీటరు వాడటం, వైరుకు టెర్మినల్ నొక్కటం వచ్చిన వారికే ఇది ఉద్దేశించినది.

రెండు దీపాలూ ఒకే తీరున మసకగా ఉన్నాయి

ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 14 వోల్టులు ఉండి, సాకెట్టు దగ్గర 12 మాత్రమే కనిపిస్తే మిగిలిన రెండూ దారిలో వేడిగా మారి పోతున్నాయని అర్థం. చాలా హాట్‌రాడ్‌లలో కరెంటు డ్యాష్‌బోర్డు స్విచ్చుకు వెళ్ళి, అక్కడి నుంచి కాలితో నొక్కే డిమ్మర్ స్విచ్చులోకి దిగి, మళ్ళీ ముందుకు రావాలి. రెండు 55 వాట్ల బల్బులు కలిపి 9 ఆంపియర్లకు పైగా లాగుతాయి. 18 గేజి వైరు (గేజి అంకె పెరిగేకొద్దీ వైరు సన్నం) 6 మీటర్లు ఉంటే ఆ వైరులోనే వోల్టుకు పైగా పోతుంది. హాలోజన్ బల్బుకు వోల్టేజి పది శాతం తగ్గితే వెలుగు దాదాపు ముప్పై శాతం తగ్గుతుంది కాబట్టి, ఇటువంటి వైరింగు మీద 100 వాట్ల బల్బు పెడితే వేడెక్కేది వైరే.

దీనికి మందు రిలే, అంటే కాస్త కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు. డిమ్‌కు ఒకటి, హై బీమ్‌కు ఒకటి ఉండాలి. బ్యాటరీ నుంచి 12 గేజి వైరును, బ్యాటరీకి దగ్గరలోనే ఫ్యూజు పెట్టి, రిలే మీద 30 అని గుర్తు ఉన్న కాలికి ఇవ్వాలి. 87 నుంచి దీపానికి, పాత స్విచ్చు వైరు 86కు, ఎర్త్ 85కు. ఇక పాత స్విచ్చు రిలేను లాగటానికి కావలసిన కాస్త కరెంటు మాత్రమే మోస్తుంది. పాదం దగ్గరి డిమ్మర్ స్విచ్చు నీరు, మట్టి చేరి లోపల చిలుము పట్టి ఉంటుంది కనుక ఎలాగూ కొత్తది వేయండి.

ఒక దీపం మసకబారింది, లేదా డిమ్‌లో ఉండగానే డ్యాష్‌బోర్డులోని నీలి హై బీమ్ సూచిక మిణుకుమంటోంది

నన్ను మూడు శనివారాలు తిప్పలు పెట్టిన లక్షణం ఇదే. పదవీ విరమణ చేసిన ఒక పెద్దాయన ఫైబర్‌గ్లాస్ బాడీ రోడ్‌స్టర్ తెచ్చారు. షెడ్డులో రెండు దీపాలూ బాగానే వెలిగేవి. రోడ్డెక్కిన పది నిమిషాలకు కుడి దీపం పసుపురంగుకు తిరిగేది, దానితో పాటు డ్యాష్‌బోర్డులోని హై బీమ్ సూచిక లీలగా వెలిగేది. నేను బల్బు మార్చాను, రిలే మార్చాను, సాకెట్టు కూడా మార్చాను. ఎర్త్ మీద అనుమానం రాకపోలేదు. దీపం ఆర్పి మీటరుతో చూస్తే 0.3 ఓములు చూపింది. మీటరు తీగలకే అంత నిరోధం ఉంటుందిలే అని వదిలివేశాను. 4.5 ఆంపియర్లు పోయే చోట 0.3 ఓములంటే 1.35 వోల్టులు అన్న చిన్న గుణకారం ఆ రోజు నాకు తట్టలేదు.

హెచ్4 బల్బులో రెండు ఫిలమెంట్లకూ ఎర్త్ ఒక్కటే. ఆ ఎర్త్ బలహీనపడితే డిమ్ ఫిలమెంటు గుండా వచ్చిన కరెంటు తనకున్న ఇంకొక దారి వెతుక్కుంటుంది: అదే బల్బులోని హై బీమ్ ఫిలమెంటులోకి వెనుక నుంచి చొరబడి, హై బీమ్ వైరు పట్టుకుని రెండవ దీపానికి చేరి, దాని ఎర్త్ ద్వారా బయటపడుతుంది. నీలి సూచిక కూడా అదే వైరుకు కలిసి ఉంటుంది కాబట్టి, దానికీ కాస్త కరెంటు అంది మిణుకుమంటుంది. అందువల్ల డిమ్‌లో నీలి దీపం కనబడితే స్విచ్చును అనుమానించటం మాని, నేరుగా మసకగా ఉన్న దీపం ఎర్త్ దగ్గరకు వెళ్ళండి.

హాట్‌రాడ్‌లలో ఇది ఇంత తరచుగా రావటానికి కారణం ఉంది. హెడ్‌లైట్ డొప్పను స్టాండుకు, స్టాండును ఛాసిస్‌కు బిగించే బోల్టులే ఎర్త్ దారి. ఇప్పుడు ఆ స్టాండుకు దళసరిగా పౌడర్ కోటింగ్ వేయిస్తున్నాము, కింద రబ్బరు పెడుతున్నాము; బాడీ ఫైబర్‌గ్లాస్ కనుక అది కరెంటు మోయదు. మూడవ శనివారం ఆ పెద్దాయన టార్చి పట్టుకుని నిలబడగా స్టాండు నట్టు విప్పాను. నక్షత్రం వాషరు పళ్ళలో ఒక్కటి మాత్రమే కోటింగును చీల్చుకుని లోపలి ఇనుమును తాకింది. నువ్వుగింజంత మెరుపు, దాని చుట్టూ తుప్పు. మీటరు పంపే మిల్లీ ఆంపియర్లకు ఆ నువ్వుగింజ చాలు. దీపం పదినిమిషాలు వెలిగి ఆ చోటు కాగేసరికి మాత్రం చాలదు.

కాబట్టి ఎర్త్‌ను ఓములతో కొలవవద్దు, దీపం వెలిగించి వోల్టులతో కొలవండి. మీటరు నల్ల మొనను బ్యాటరీ నెగటివ్ స్తంభానికే (క్లాంపుకు కాదు) ఆనించి, ఎర్ర మొనను సాకెట్టు వెనుక ఎర్త్ టెర్మినల్‌కు తాకించండి. 0.1 వోల్టు లోపు ఉంటే సరే, 0.2 దాటితే ఎర్ర మొనను డొప్పకు, స్టాండుకు, ఛాసిస్‌కు, ఇంజను బ్లాకుకు వరుసగా జరుపుతూ రండి. అంకె ఏ రెండు చోట్ల మధ్య హఠాత్తుగా పడిపోతుందో తప్పు ఆ రెండింటి మధ్యే ఉంది. పది నిమిషాలు వెలిగిన తరువాత మరొకసారి కొలవటం మరువవద్దు. ఆ బండిలో మొదట 1.4 చూపిన చోటే పది నిమిషాలకు 2.1 చూపింది.

బోల్టును గీకి మళ్ళీ బిగిస్తే ఆ వర్షాకాలం గడుస్తుందేమో, అంతే. ప్రతి సాకెట్టు నుంచి విడిగా 14 గేజి ఎర్త్ వైరు తీసి, డొప్ప రంధ్రంలో రబ్బరు బుష్ పెట్టి, స్టాండు గుండా దింపి, రెండింటినీ ఛాసిస్ మీద రంగు పూర్తిగా గీకిన ఒకే బోల్టుకు బిగించి, పైన గ్రీజు రాయండి. ఆ ఛాసిస్ నుంచి బ్యాటరీ నెగటివ్‌కూ, ఇంజను బ్లాకుకూ లావు కేబుళ్ళు ఉన్నాయో లేవో కూడా చూడండి. రబ్బరు మౌంటింగుల మీద కూర్చున్న ఇంజనుకు ఛాసిస్‌తో సంబంధమే లేని బండ్లు నేను రెండు చూశాను.

దీపాలు వాటంతట అవే ఆరిపోయి, ఒక నిమిషానికి వెలుగుతున్నాయి

ఇది దయ్యం కాదు. పాత ఫోర్డ్, జనరల్ మోటార్స్ స్విచ్చులు చాలావాటిలో వేడెక్కితే తెగి, చల్లారితే కలిసే బ్రేకరు ఉంటుంది. ఎక్కువ వాట్ల బల్బులు పెట్టినందుకు అది తన పని తాను చేస్తోంది. దాన్ని తప్పించి వైరు కలిపేవారు బండిని తగలబెట్టుకోవటానికి సిద్ధపడినట్లే. రిలేలు వేస్తే ఈ బాధ పోతుంది.

మిగిలినవి

ఇంజను ఐడిల్‌లో ఉన్నప్పుడే మసకబారితే పాత జనరేటరు, లేదా వదులైన బెల్టు. 6 వోల్టుల పాత వైరింగును అలాగే ఉంచుకున్నవారు, 1955 వరకు ఫోర్డ్ బండ్లు పాజిటివ్ ఎర్త్ అని గుర్తుంచుకోవాలి. వాటిలో మామూలు 12 వోల్టుల ఎల్‌ఈడీ వెలగదు. రంగులు నమ్మి వైర్లు తారుమారు చేసినవారు బల్బు టెర్మినళ్ళ మధ్య ఓములు చూసుకోవచ్చు: ఏ రెంటి మధ్య అంకె ఎక్కువో ఆ రెండూ ఫిలమెంట్లవి, మిగిలినది ఎర్త్. అద్దం లోపల చెమ్మ, బల్బు కాలిపోవటం వంటివి కంటికే కనిపిస్తాయి.

హాలోజన్ డొప్పలో ఎల్‌ఈడీ బల్బు దూర్చటం మాత్రం చేయవద్దు. వెలుగు పుట్టే చోటు మారటం వలన ఎదుటివారి కళ్ళలో కొడుతుంది, అమెరికా నిబంధనలు దాన్ని ఒప్పుకోవు. ఎల్‌ఈడీయే కావాలంటే అద్దం మీద అమెరికా రవాణా శాఖ డాట్ (DOT) గుర్తు ఉన్న పూర్తి 7 అంగుళాల దీపం కొనండి.

వోల్టేజి సరిపడిన తరువాత దీపాల గురి మళ్ళీ సరిచేయక తప్పదు. మసకగా ఉన్నప్పుడు దూరం కనబడాలని ఎవరో ఒకరు వాటిని పైకి ఎత్తి ఉంటారు. చదునైన నేల మీద గోడకు 25 అడుగుల దూరంలో బండి నిలిపి, డిమ్ వెలుగు పై అంచు దీపం మధ్యభాగం ఎత్తుకు కొద్దిగా కిందనే ఉండేట్టు మర తిప్పండి. పెద్దాయన బండికి కుడివైపు మర ఏకంగా నాలుగు చుట్లు దించవలసి వచ్చింది.