ముల్లే కదా అని వదిలేయకండి

ముళ్లకంప కొట్టడమో, తుప్పు తీగలు పీకడమో, చేపలు శుభ్రం చేయడమో పెట్టుకున్నారా? అయితే ముందు ఉంగరాలు తీసేయండి. చెయ్యి వాచాక అవి రావు, కత్తిరించాల్సిందే. మందపాటి గ్లౌజులు వేసుకోండి. టీటీ ఇంజెక్షన్ చివరిసారి ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు చేసుకోండి, మురికి గాయమైతే 5 ఏళ్లు దాటినా మళ్లీ వేస్తారు.

పెద్దగా తెగితే ఎలాగూ పరుగెత్తుతాం. మోసం చేసేది సన్నగా గుచ్చుకున్నదే, పైన రంధ్రం మూసుకుపోయి క్రిములు లోపలే ఉండిపోతాయి. పిల్లి కాటు అందుకే చెడ్డది, 24 గంటలు తిరక్కుండానే చెయ్యి వాచిపోవచ్చు. ఎవరి మూతి మీదో గుద్దినప్పుడు పిడికిలి కణుపు మీద పడ్డ పంటి గాటు కూడా కాటు కిందే లెక్క. సిగ్గుపడి డాక్టర్‌కి తలుపు తగిలిందని చెప్పకండి, వైద్యం మారిపోతుంది.

గుచ్చుకోగానే సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద బాగా కడగండి. బ్లేడుతో కోసి చీము పిండే సొంత వైద్యం మాత్రం వద్దు. తర్వాత వేలిని గమనిస్తూ ఉండండి. మొదలు నుంచి చివరి దాకా ఉబ్బి, కాస్త వంగే ఉండిపోయి, అరచేతి వైపు వేలి పొడవునా నొక్కితే నొప్పి పుట్టి, రెండో చేత్తో మెల్లగా చాపబోతే ప్రాణం పోయినట్టుంటే, చీము టెండన్ (వేలిని కదిలించే తాడులాంటి పోగు) చుట్టూ ఉండే తొడుగులోకి దిగి ఉండొచ్చు. బొటనవేలి తొడుగూ చిటికెన వేలి తొడుగూ చాలామందికి మణికట్టు దగ్గర కలిసే ఉంటాయి కాబట్టి అక్కడి నుంచి ముంజేతిలోకి పాకడానికి ఎంతోసేపు పట్టదు. ఇంకో చిక్కు, చీము అరచేతిలో ఉన్నా వాపు చేతి వెనక కనిపిస్తుంది, అక్కడ చర్మం వదులు కదా.

ఎరుపు అంచు చుట్టూ పెన్నుతో గీత గీసి పక్కనే టైం రాయండి. గీత దాటుతోందంటే, జ్వరం వచ్చిందంటే పొద్దున చూద్దాంలే అనొద్దు. అన్నిటికన్నా భయపడాల్సింది, పైకి చర్మం మామూలుగానే ఉండి నొప్పి మాత్రం భరించలేనంతగా ఉండటం. నల్లబడి బొబ్బలు లేచేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. లోపల కుళ్లిన కండ కోసి తీయాలి, ఒట్టి మాత్రలతో తగ్గేది కాదు. షుగర్ ఉన్నవాళ్లకి ఒక్కోసారి నొప్పి సరిగా తెలియదు, వాళ్లు వాపు చూసే వెళ్లిపోవాలి.

దారిలో చెయ్యి గుండె కంటే ఎత్తులో పెట్టుకోండి. వెళ్లగానే చివరిసారి ఎప్పుడు తిన్నారో, ఏ మాత్రలు వాడుతున్నారో చెప్పండి, మత్తు ఇచ్చేవాళ్లు మొదట అడిగేది అదే.